దోసె మీద చాక్లెట్ ఏందప్పా?

ప్రశ్న (తిరుపతి):
మా పిల్లోడు ఒకటే మారాం చేస్తే బండి దగ్గర చాక్లెట్ దోసె ఇప్పించాను. ఎర్రగా కాలిన దోసె మీద ఆయన చాక్లెట్ సాస్ పోసి, చీజ్ తురిమి, దానిమీద మయోనైజ్ పిండి, పక్కన అల్లం చట్నీ కూడా వేసిచ్చాడు! రెండు ముక్కలకే నాకు మొహం మొత్తింది, వాడు మాత్రం ప్లేటు నాకేశాడు. మీరు ఎట్లా మాన్పిస్తున్నారు?

చిత్తూరు నుంచి:
చాక్లెట్ సరే అక్కా, నా భయమంతా మయోనైజ్‌తోనే. పచ్చిగుడ్డుతో చేసింది ఎండలో ఉంటే సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా పెరుగుతుంది. అందుకే 2024 అక్టోబర్‌లో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో మన పక్కనున్న తమిళనాడు దాన్ని ఏడాదిపాటు నిషేధించాయి. గుడ్డు లేనిదేనా అని అడక్కుండా కొనద్దు.

పలమనేరు నుంచి:
తిడితే మానరు. రాగిసంగటి వేడివేడిగా ముద్ద చేసి, మధ్యలో గుంటపెట్టి నెయ్యి పోసి, పక్కన వేరుశనగల ఊరుబిండి వేస్తే మా ఇంట్లో పిల్లలు ఫోన్ పక్కన పడేసి తింటారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, ఇంకేం కావాలి?

ప్రశ్న అడిగినవారు:
ఊరుబిండిలో పచ్చిమిరపకాయలా, ఎండువా? మా వాడు కారం తినడు.

పలమనేరు నుంచి:
పచ్చివే అక్కా, వాడికి రెండే వేసి చింతపండు తగ్గించు.