అమ్మ గుండెలోని ముద్ద కణితా, రక్తపు గడ్డా? ఎంఆర్ఐ గురించి సలహా కావాలి

తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది చిత్తూరు. వాకిట్లో ముగ్గు వేయడానికి వంగినప్పుడల్లా కళ్ళు తిరిగి ఆయాసపడుతున్న 58 ఏళ్ళ మా అమ్మగారికి పోయిన వారం ఎకో (గుండె స్కానింగ్) తీయించగా, గుండె ఎడమ కర్ణికలో, అంటే ఎడమ పై గదిలో, దాదాపు 4 సెంటీమీటర్ల ముద్ద కనిపించింది. కర్ణికల మధ్య గోడకు సన్నని కాడతో అంటుకుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా కింది గదికి దారి అయిన మైట్రల్ కవాటం దాకా ఊగుతూ వచ్చి వెనక్కి పోవడం తెర మీద నేనే చూశాను. ఆ దృశ్యం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

కాడ ఉంది కనుక మిక్సోమా (గుండెలో పెరిగే, క్యాన్సర్ కాని కణితి) కావచ్చని ఒక డాక్టరు గారు, రక్తపు గడ్డ కూడా కావచ్చు గనుక రక్తం పలుచబడే మందు వాడి చూద్దామని మరొకరు అంటున్నారు. గాడోలినియం (స్కాన్‌లో తేడా స్పష్టంగా కనిపించేలా నరానికి ఎక్కించే మందు) ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే, రక్తపు గడ్డ సాధారణంగా ఆ మందును పీల్చుకోదని, కణితి పీల్చుకుంటుందని చదివాను. అయితే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువగా ఉండి, ఊపిరి ఎక్కువసేపు బిగబట్టలేని అమ్మకు ఆ పరీక్ష సాధ్యమేనా, లేక అన్నవాహిక గుండా తీసే ఎకోతోనే విషయం తేలుతుందా? ముక్క విరిగి మెదడుకు చేరే ప్రమాదం ఉన్నప్పుడు పరీక్షల కోసం ఎన్నాళ్ళు ఆగవచ్చు? తిరుపతిలో గుండె ఎంఆర్ఐ చేయించుకున్నవారు, ఇటువంటి రిపోర్టులు చదివే అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.