గులాబీ ఏపుగా పెరుగుతోంది కానీ మొగ్గే రావట్లేదు, ఎక్కడిదాకా కొయ్యాలి?

మిద్దెతోట_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే అండి. మా మిద్దె మీద కుండీల్లో గులాబీలు ఉన్నాయి, అన్నీ నర్సరీలో కొన్న అంటు మొక్కలే. వాటిల్లో ఒక ఎర్ర గులాబీ పోయినేడు గుత్తులు గుత్తులుగా పూసింది, ఈ వానాకాలం వచ్చేసరికి పొడుగ్గా తీగలాగా సాగిపోయింది, ఆకు తప్ప మొగ్గ లేదు. ఆకులు కూడా ముందు ముదురు రంగులో మందంగా ఉండేవి, ఇప్పుడు వచ్చేవి చిన్నగా లేతాకుపచ్చగా ఉన్నాయి. పాత కొమ్మలేమో చివర్ల నుంచి నల్లబడి కిందకి ఎండుకుంటూ వస్తున్నాయి. ఎండ పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా బాగానే తగులుతుంది, వర్మీకంపోస్టు వేస్తూనే ఉన్నా. అరటితొక్కల నీళ్ళు పొయ్యమని ఒకరు, ఉల్లిపొట్టు నీళ్ళు పొయ్యమని ఒకరు చెప్తున్నారు. దసరా అయ్యాక ప్రూనింగ్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడిదాకా కొయ్యాలో చెప్పండి ప్లీజ్.

కడియం_మొక్కలు:
అండీ, కత్తెర పట్టుకునే ముందు మొక్క మొదట్లో మట్టి కొంచెం పక్కకి తీసి చూడండి. అంటు కట్టిన చోట బుడిపెలాగా ఉంటుంది. మీరు చెప్పే తీగలాంటి కొమ్మ ఆ బుడిపె కింద నుంచి వచ్చిందా పై నుంచి వచ్చిందా అన్నదే అసలు విషయం. మీరు చెప్పిందాన్ని బట్టి అది కిందదే అనిపిస్తోంది, అంటే మీ ఎర్ర గులాబీ కాదు, దాన్ని అంటు కట్టిన అడవి గులాబీ వేరు నుంచి లేచిన పిలక. తిండంతా అదే లాక్కుంటుంది, పైనున్న అసలు మొక్క నీరసించిపోతుంది, అలా వదిలేస్తే కొన్నాళ్ళకి అసలుది చచ్చి అడవిది మిగులుతుంది.

ఏడు రెక్కల ఆకుంటే అడవిది, ఐదు రెక్కలుంటే మంచిది అంటారు కానీ దాన్నే నమ్ముకోకండి, మంచి రకాల్లో కూడా కొన్నిటికి ఏడు వస్తాయి. ఎక్కడ నుంచి పుట్టిందో చూడటమే గ్యారంటీ. కింద నుంచి వచ్చిందైతే పైపైన కొయ్యొద్దు, కోస్తే అక్కడే ఇంకో నాలుగు వస్తాయి, మట్టి తీసి పిలక మొదలు పట్టుకుని కిందకి లాగి వేరు దగ్గర నుంచి ఊడబీకేయండి. అదే బుడిపె పై నుంచి లావుగా ఎర్రటి చిగురు వస్తే మాత్రం ముట్టుకోకండి, వచ్చే ఏడాది పూలన్నీ దాని మీదే.

మిద్దెతోట_కూకట్‌పల్లి:
ఇప్పుడే చూశానండి, బుడిపె కింద నుంచే వచ్చింది, రెండున్నాయి! ఎండిపోయిన కొమ్మల సంగతేంటి మరి?

గోదారి_గట్టు:
అది కొమ్మ ఎండు తెగులు అక్కా. కోసిన చోట నుంచో, వాడిన పువ్వు అలాగే వదిలేసిన చోట నుంచో శిలీంధ్రం లోపలికి దిగుతుంది. నల్లబడ్డంతవరకు కోస్తే సరిపోదు, కొమ్మ అడ్డంగా కోసి లోపల చూడండి, మధ్యలో బెండు గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందకి కొయ్యాలి, తెల్లగా పచ్చగా శుభ్రంగా కనబడేదాకా. బయటివైపుకి చూసే కన్నుకి (కొమ్మ మీద చిగురు పుట్టే చోటు) పావు అంగుళం పైన, నీళ్ళు కంటి మీదకి కాకుండా అవతలికి జారేలా ఏటవాలుగా. కోసిన ప్రతి చోటా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు పేస్టులా కలిపి రాయండి. కత్తెర కూడా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్ళేముందు స్పిరిట్‌తో తుడవాలి.

దసరా అని తేదీ పెట్టుకోకండి. హైదరాబాద్‌లో అక్టోబర్ మధ్యకి వాన తగ్గిపోతుంది కాబట్టి మీకు పర్లేదు, మా కాకినాడ వైపు అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల టైం, కోసిన మర్నాడు ముసురు పట్టిందంటే కోతలన్నీ కుళ్ళిపోతాయి. నాలుగు రోజులు పొడిగా ఉంటుందని చూసుకునే కొయ్యాలి. కోసిన ఆరేడు వారాలకి పూలొస్తాయి, సంక్రాంతికి కావాలంటే నవంబర్ చివర్లో కొయ్యండి.

కడియం_మొక్కలు:
వానల టైం గురించి కరెక్ట్. ఒకటే చెప్తా, ఈ మొక్కని ఈసారి మోకాలెత్తుకి కొట్టెయ్యొద్దు. ఇప్పటికే నీరసంగా ఉంది, ఎండింది, సన్నవి, లోపలికి అడ్డం పడ్డవి తీసేసి మిగతా కొమ్మల పొడవులో మూడో వంతు వరకే తియ్యండి చాలు. గట్టి కోత బలమైన మొక్కకే. తొక్కల నీళ్ళ మీద ఆశ పెట్టుకోకండి, మాగిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్ళు, వేపపిండి ఒక గుప్పెడు, కొంచెం ఎముకల పొడి, ఇవి కోత అయ్యాక పై మట్టి గుల్ల చేసి కలిపితే చాలు. నీళ్ళు పొద్దున్నే మొదట్లో పొయ్యండి, సాయంత్రం ఆకుల మీద పోస్తే నల్లమచ్చ తెగులు ఖాయం.

పాలమూరు_పూలు:
పిలకల గొడవే వద్దనుకుంటే ఒక పన్నీరు గులాబీ పెట్టుకోండి అక్కా. కొమ్మ నాటితే వేరొస్తుంది కాబట్టి కింద నుంచి ఎన్ని పిలకలొచ్చినా అదే మొక్క, పొద గుబురవుతుంది అంతే. పెన్సిల్ లావు కొమ్మ జానెడు తీసుకుని, మూడు నాలుగు కణుపులుండేలా చూసి, సగం మట్టిలోకి పోయేలా వాన రోజుల్లో నీడలో గుచ్చండి. పువ్వు చిన్నది, రెక్కలు సాయంత్రానికే రాలతాయి, బొకేలకి పనికిరాదు, కానీ పొద్దున పూజకి తెంపుతుంటే చేతులకంటిన ఆ వాసన అంటు రకాల్లో ఎక్కడుందండి. మా మహబూబ్‌నగర్ ఎండలకి కూడా తట్టుకుంటుంది, ఏప్రిల్, మేలో మొదట్లో ఎండాకు కప్పి నీళ్ళు మాత్రం తప్పకూడదు.

మిద్దెతోట_కూకట్‌పల్లి:
చాలా థాంక్స్ అండి అందరికీ. పిలకలు రెండూ పీకేశా, ఒకటి వేరుతో సహా వచ్చింది, ఇంకోటి సగంలో తెగింది.

కడియం_మొక్కలు:
తెగిన చోట నుంచి మళ్ళీ లేస్తుంది, పది పదిహేను రోజులకోసారి వేలితో మట్టి కదిపి చూస్తుండండి. లేతగా ఉన్నప్పుడైతే బొటనవేలితో నొక్కినా ఊడిపోతుంది.