లిఫ్ట్ డోర్ లాక్‌కి వైరు వేసి నడిపిస్తున్నారు, పర్వాలేదా?

సాయినగర్ వాసి:
మాది అనంతపురంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, చేత్తో లాగే తలుపుల పాత లిఫ్ట్. మధ్యమధ్యలో ఆగిపోతోందని మెకానిక్‌ని పిలిస్తే, మూడో అంతస్తు డోర్ లాక్ కాంటాక్ట్ (తలుపు లాక్ పడిందని లిఫ్ట్‌కి చెప్పే స్విచ్) తగలడం లేదు, పార్టు వచ్చేదాకా ఇట్లా ఉండనీ అని మెషిన్ రూమ్ ప్యానెల్‌లో ఒక వైరు వేసిపోయాడు. లిఫ్ట్ బ్రహ్మాండంగా తిరుగుతోంది కానీ, నిన్న ఆ తలుపు ఓరగా ఉండగానే కిందికి వెళ్లిపోయింది. అసోసియేషన్‌లో అడిగితే, రోప్ తెగినా పట్టుకునే సేఫ్టీ ఉంది, చిన్న వైరుకేమవుతుంది అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

ప్యానెల్ పని:
ముందు మెయిన్ ఆఫ్ చేయించన్నా, మిగతాది తర్వాత చదువు.

డోర్ లాకులు, పిట్ స్విచ్ (గుంత అడుగున ఉండేది), గవర్నర్ స్విచ్ (స్పీడ్ మించితే పడేది), ఫైనల్ లిమిట్లు (పైన, కింద హద్దు దాటితే పడేవి) అన్నీ ఒకే లైన్లో వరసగా ఉంటాయి, ఒక్కటి తెరుచుకున్నా మోటారుకి కరెంటిచ్చే కాంటాక్టర్ పడిపోయి బ్రేక్ పట్టేస్తుంది. మూడో అంతస్తు ఒక్కటే కదా అనుకుంటున్నారు మీరు, ప్యానెల్ దగ్గర వైరు వేస్తే మామూలుగా అన్ని అంతస్తుల డోర్ లాకులూ కలిసే పోతాయి. లాక్ సరిగ్గా పడకపోయినా లిఫ్ట్ కదిలిపోతుంది, అది పైకి పోయాక ఏ పిల్లోడో తలుపు లాగితే వచ్చేస్తుంది, వెనక ఉండేది గుంత. రోప్ సేఫ్టీ అంటారా, 1854లో న్యూయార్క్‌లో ఆ సేఫ్టీ కనిపెట్టిన ఓటిస్ తాడు కోయించి చూపించింది లిఫ్ట్ పడకుండా ఆగడం గురించి, మనిషి గుంతలో పడటానికి దానికీ సంబంధమే లేదు. అసలు మన దుమ్ముకి కాంటాక్టులు సరిగ్గా తగలవు, మెకానిక్ తుడిస్తేనే చాలా కంప్లైంట్లు పోతాయి.

కడప మాజీ సెక్రటరీ:
"పార్టు వచ్చేదాకా" అన్న వైరు, అడిగేవాడు లేకపోతే ఏళ్ల తరబడి ఉంటుంది. తర్వాత వచ్చే మెకానిక్‌కి అది ఉందనే తెలీదు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పర్వాలేదు అనేవాళ్లని అదే మాట సంతకం పెట్టి లాగ్ బుక్‌లో రాయమనండి. ఒక్కరూ రాయరు.

సాయినగర్ వాసి:
ఆఫ్ చేయించాను. నాలుగో అంతస్తు పెద్దాయన తిట్టారు, పాలు, కూరగాయలు నేనే పైకి తెచ్చిస్తానని ఒప్పించా. మెకానిక్ రేపొస్తాడంట, లాక్ రోలర్ (లాక్‌ని కదిలించే చిన్న చక్రం) అరిగిందంటున్నాడు.

ప్యానెల్ పని:
రోలర్ మార్చాక వైరు తీశాడో లేదో అతని చేతే చూపించమనండి. లోపల ఎవరూ లేకుండా లిఫ్ట్ ఆ అంతస్తులోనే ఉండాలి, లోపలి గేటు పూర్తిగా మూయాలి, లేకపోతే ఆ గేటు వల్లే ఆగి మిమ్మల్ని మోసం చేస్తుంది. బయటి తలుపు కొంచెం తీసి ఉంచి కింది నుంచి బటన్ నొక్కించండి. కదిలిందంటే వైరు ఇంకా అక్కడే ఉంది. ఒక్క మూడోదే కాదు, ప్రతి అంతస్తులో చేయించండి.