జావా చెక్కబొమ్మలాటలో ఈ తలపాగా వీరుడు ఎవరు?

బొమ్మలాటప్రియ: జావా బొమ్మలాటంటే మనం ఎక్కువగా వినేది తెర మీద తోలుబొమ్మలతో ఆడే రామాయణ భారతాల గురించే కదా. ఇప్పుడు జావాలోని యోగ్యకర్త ఊరి వాళ్ల ఆట ఒకటి వీడియోలో చూశాను. తెర లేదు, అన్నీ చెక్కబొమ్మలు, పొడుగు కోట్లు, తలపాగాలు. భీముడు, అర్జునుడు ఎక్కడా లేరు, జయెంగ్రానా అనే వీరుడి చుట్టూనే కథంతా. ఎవరండీ ఈయన?

పాతకథలు: అమీర్ హంజా అండి, ముహమ్మద్ ప్రవక్త బాబాయి. పర్షియాలో అల్లుకున్న ఆయన సాహసగాథలు మలయ్ భాష మీదుగా జావా చేరాయి, 18వ శతాబ్దంలో సురకర్త ఆస్థాన కవి యసదిపుర వాటిని సెరత్ మెనక్ అనే పెద్ద కావ్యంగా రాశాడు. అందుకే ఈ ఆట పేరు వాయాంగ్ గోలెక్ మెనక్. అక్బర్ చిత్రాలు గీయించిన హంజానామా కూడా ఈయన కథే! పర్షియా రాజు నౌషేర్వాన్ ఇక్కడ నుసిర్వాన్ అయ్యాడు, ఆయన కూతురు మునింగర్‌నే హంజా ప్రేమిస్తాడు, మధ్యలో మంత్రి బెస్తక్ కుట్రలు. పశ్చిమ జావాలో సుందా వాళ్లు చెక్కబొమ్మలతో కూడా రామాయణ భారతాలే ఎక్కువగా ఆడతారు, మధ్య జావాకి వస్తే హంజాదే రాజ్యం.

రంగస్థలం: కెలస్వర, అదనింగర్ యుద్ధం ఉన్న ఆట దొరికితే వదలకండి. అదనింగర్ చైనా రాకుమారి, జయెంగ్రానా మీద మనసు పడి, ఆయన్ని పెళ్లాడిన కెలస్వర మీదికి యుద్ధానికి వెళ్లి ఆమె చేతిలోనే చనిపోతుంది. నాకైతే మెనక్ కథల్లో ఇంతకు మించిన ఘట్టం లేదు. అప్పుడు బొమ్మల మెడలు చూడండి. బొమ్మ ఒంట్లోంచి తల దాకా ఒక పుల్ల ఉంటుంది, దలాంగ్, అంటే ఆడించేవాడు, దాన్ని తిప్పగానే తల చటుక్కున పక్కకి తిరుగుతుంది. చేతులకి చెరో పుల్ల. కింద వేలాడే బాతిక్ గుడ్డ చాటున ఆయన చెయ్యి కనబడదు. 1941లో యోగ్యకర్త సుల్తాన్ తొమ్మిదో హమెంగ్కుబువనో ఈ ఆట చూసి, మనుషులు ఈ బొమ్మల్లాగే కదులుతూ ఆడే గోలెక్ మెనక్ అనే నాట్యాన్నే తయారు చేయించాడు.

బొమ్మలాటప్రియ: చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. హంజా వెంటే తిరిగే ఆ చురుకైన మనిషెవరు?

పాతకథలు: ఉమర్మాయా, ప్రాణస్నేహితుడు. కత్తి కన్నా యుక్తితో గెలుస్తాడు. హంజా ఇరుక్కున్న ప్రతిచోటా బయటపడేసేది చాలావరకు ఆయనే.