రెండు రెడ్‌మీ నోట్ 4లు, ఒకే ఇమేజ్: ఒకదానికి డిస్‌ప్లే వస్తోంది, రెండోది నల్లగానే ఉంటోంది

బెజవాడ_బూట్‌లూప్ (ప్రశ్న):
నలుగురం కలిసి పాత ఫోన్లకి ఓపెన్ సోర్స్ ఓఎస్ పోర్ట్ చేసే పని మొదలుపెట్టాం. బీసెంట్ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌గా తెచ్చిన రెడ్‌మీ నోట్ 4లు రెండున్నాయి, రెండూ స్నాప్‌డ్రాగన్ 625వే. ఒక మీడియాటెక్ ఫోన్ కూడా ఉంది, దాని కెర్నల్ సోర్స్ ఎక్కడా దొరకలేదు. లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ.

నోట్ 4లలో ఎల్‌కే2ఎన్‌డీ (కంపెనీ బూట్‌లోడర్ తర్వాత నడిచే రెండో బూట్‌లోడర్) ఫ్లాష్ చేసి, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (ఫోన్లకి పెట్టే లినక్స్) ఒకే ఇమేజ్ రెండింటికీ వేశాం. ఒకటి ఫోష్ (దాని హోమ్ స్క్రీన్) దాకా వచ్చింది. రెండోది వైబ్రేట్ అవుతుంది, తెర మాత్రం నలుపే. స్టాక్ ఆండ్రాయిడ్‌లో (ఫోన్‌తో కంపెనీ ఇచ్చినదాంట్లో) దాని తెర బాగానే వెలిగేది. ఫోన్ పోయినట్టేనా? ఇంకోటి, మేం ఇంకో ఓపెన్ సోర్స్ ఓఎస్ అయిన లీనేజ్‌ఓఎస్ వైపు వెళ్లాలా, దీంట్లోనే ఉండాలా?

గుంటూరు_కెర్నల్:
పోలేదండి. యూఎస్‌బీ కేబుల్ పెట్టి లాప్‌టాప్ నుంచి 172.16.42.1కి ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో మెషీన్ నుంచి లాగిన్) కొట్టి చూడండి. లాగిన్ అయితే కెర్నల్ బతికే ఉన్నట్టు, తెర ఒక్కటే రాలేదన్నమాట. ఎస్‌ఎస్‌హెచ్ రాకుండా పింగ్ మాత్రం వస్తుంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ తొలి దశలో) ఆగి ఉండొచ్చు, అదే అడ్రస్‌కి టెల్నెట్ చేయండి.

నా అనుమానం కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన ముక్క) మీదే. ఈ మోడల్‌కి కంపెనీయే వేర్వేరు సరఫరాదారుల ప్యానెళ్లు వాడింది. పైగా సెకండ్ హ్యాండ్ ఫోన్ అంటే మధ్యలో ఎవరో ఒకరు కాంబో మార్పించే ఉంటారు. స్టాక్ కెర్నల్‌లో ఆ ప్యానెళ్లన్నిటి వివరాలూ ఉంటాయి, బూట్‌లోడర్ ఏది తగిలించి ఉందో చూసి పేరు చెబుతుంది. మెయిన్‌లైన్ కెర్నల్‌లో (కంపెనీది కాని అసలు లినక్స్ కెర్నల్‌లో) ఎవరో కూర్చుని రాసిన ప్యానెళ్లకే డ్రైవర్ ఉంటుంది. ఆ పేరుని కెర్నల్‌కి అందించే పని ఎల్‌కే2ఎన్‌డీది.

రెండు ఫోన్లలోనూ రికవరీలోకి వెళ్లి, ఏడీబీ షెల్‌లో ప్రోక్ కింద ఉండే సీఎండీలైన్ ఫైల్ క్యాట్ చేయండి. అందులో ఎండీఎస్ఎస్ అని మొదలై ప్యానెల్ పేరు చెప్పే ముక్క కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఒక్క హెచ్చరిక. ఎల్‌కే2ఎన్‌డీ బూట్ పార్టిషన్‌లోనే కూర్చుంటుంది. స్టాక్ ఫాస్ట్‌బూట్ నుంచి బూట్ ఇమేజ్ ఫ్లాష్ చేస్తే అది చెరిగిపోతుంది. ఫోన్ ఆన్ అయి వైబ్రేట్ కాగానే వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుంటే ఎల్‌కే2ఎన్‌డీ సొంత ఫాస్ట్‌బూట్ వస్తుంది, ఏం ఫ్లాష్ చేసినా అక్కడి నుంచే చేయండి.

బెజవాడ_బూట్‌లూప్:
ఎస్‌ఎస్‌హెచ్ వచ్చిందండి! సీఎండీలైన్‌లో రెండు ఫోన్ల ప్యానెల్ పేర్లు వేరువేరుగా ఉన్నాయి. నల్లగా ఉన్నదాని పేరు ఎల్‌కే2ఎన్‌డీ డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాల ఫైల్‌లో) కనబడలేదు.

గుంటూరు_కెర్నల్:
అయితే మీ గ్రూపుకి మొదటి పని దొరికింది. స్టాక్ కెర్నల్ డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ) నుంచి ప్యానెల్ డ్రైవర్ సి ఫైల్ తయారుచేసే స్క్రిప్ట్ ఎంఎస్ఎం8916 (ఇంకో స్నాప్‌డ్రాగన్ చిప్) మెయిన్‌లైన్ వాళ్ల దగ్గర ఉంది, అది 625కీ పనికొస్తుంది. వచ్చిన ఫైల్‌ని గుడ్డిగా నమ్మొద్దు, రీసెట్ పల్స్ సమయాలు, స్లీప్ ఔట్ (తెరని నిద్రలేపే కమాండ్) తర్వాత ఆగాల్సిన మిల్లీసెకన్లు మళ్లీ చూసుకోండి. అవి తేడా వస్తే తెర పదిసార్లలో రెండుసార్లే వెలిగి పిచ్చెక్కిస్తుంది. తర్వాత ఎల్‌కే2ఎన్‌డీలో ఆ పేరుని మీ డ్రైవర్‌కి ముడిపెట్టాలి, ఇది మరిచిపోతే డ్రైవర్ ఉన్నా లేనట్టే. బయటి కాంబో అయితే పేరు ఒకటి చెప్పి లోపల చిప్ ఇంకోటి ఉండే ప్రమాదమూ ఉంది. టచ్ రాకపోతే అక్కడే వెతకండి.

బూట్ మధ్యలోనే చచ్చిపోయే రకం సమస్య వస్తే యూఏఆర్‌టీ (బూట్ లాగ్ వచ్చే సీరియల్ లైన్) తప్ప దారి లేదు. బోర్డు మీద టెస్ట్ పాయింట్లకి సన్నటి ఎనామిల్ వైరు టంకం వేసి 115200 బాడ్‌లో వినాలి. ఆ లైన్ 1.8 వోల్టులది. మామూలు 3.3 వోల్టుల కన్వర్టర్ తగిలిస్తే ప్రాసెసర్ పిన్ కాలిపోవచ్చు.

బ్రాడీపేట_బిల్డ్:
లీనేజ్ సంగతి నేను చెబుతాను. 2016 డిసెంబర్లో సైనోజెన్‌మాడ్ మూతపడ్డాక దాని కోడ్ మీద మొదలైంది, బేస్ ఆండ్రాయిడే. కంపెనీ ఇచ్చిన బ్లాబ్‌లు (సోర్స్ లేని డ్రైవర్ ఫైళ్లు) వాడుకుంటుంది కాబట్టి కెమెరా, కాల్స్ లాంటివి త్వరగా పనిచేస్తాయి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ 2017లో వచ్చింది, ఆల్పైన్ లినక్స్ మీద నడుస్తుంది, కెమెరా దగ్గర చెమటలు పట్టిస్తుంది.

మీ మెషీన్‌తో కొత్త లీనేజ్ బిల్డ్ కష్టం. 32 జీబీ ర్యామ్, 300 జీబీ ఖాళీ కావాలని వాళ్ల వికీలోనే ఉంది. 16తో చేస్తే సూంగ్ (ఆండ్రాయిడ్ బిల్డ్ సిస్టమ్) దశలోనే ప్రాసెస్ కిల్డ్ అని ఆగిపోతుంది. 32 జీబీ స్వాప్ ఫైల్ పెట్టి, జాబ్స్ 4కి తగ్గిస్తే ముక్కుతూ మూలుగుతూ పూర్తవుతుంది. రెపో సింక్ (సోర్స్ డౌన్‌లోడ్) చేసేటప్పుడు డెప్త్ 1 పెట్టండి, లేకపోతే ఇంటర్నెట్ ప్లాన్ అంతా దానికే సరి. మే నెలలో పగలు బిల్డ్ పెడితే లాప్‌టాప్ వేడెక్కి క్లాక్ తగ్గించేసుకుంటుంది, రాత్రికి పెట్టుకోండి. పీఎంబూట్‌స్ట్రాప్‌కి (పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ బిల్డ్ టూల్) అయితే 8 జీబీ లాప్‌టాప్ కూడా చాలు. అందుకే నా ఓటు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌కే.

మీడియాటెక్ ఫోన్ పక్కన పడేయండి. జీపీఎల్ (లినక్స్ కెర్నల్ లైసెన్స్) ప్రకారం కెర్నల్ సోర్స్ ఇవ్వాల్సిందే గానీ, ఇవ్వని కంపెనీ వెంటపడుతూ కూర్చుంటే మీ పని సాగదు.

వేరేవాళ్ల కోడ్ తెచ్చేటప్పుడు గిట్ చెర్రీపిక్ చేయండి, రచయిత పేరు అలాగే ఉంటుంది. కాపీ కొట్టి మీ పేరుతో కమిట్ చేస్తే దాన్ని కాంగింగ్ అంటారు. ఆ ముద్ర ఒకసారి పడితే మీ ప్యాచ్‌లు ఎవరూ చూడరు.

లక్ష్మీపురం_మోడెమ్:
అసలు విషయం ఎవరూ అడగలేదు, బ్యాకప్ తీశారా? మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, ఎఫ్‌ఎస్‌జీ, పర్సిస్ట్, ఈ నాలుగు పార్టిషన్లనీ డీడీ కమాండ్‌తో కాపీ చేసి, ఏ ఫోన్‌వి ఆ ఫోన్ పేరుతో వేరే డిస్కులో పెట్టండి. ఇవి చెడితే ఐఎంఈఐ సున్నాలైపోయి నెట్‌వర్క్ రాదు. ఒక ఫోన్‌వి ఇంకో ఫోన్‌లో వేయకండి. ఐఎంఈఐ మార్చడం టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 ప్రకారం నేరం కూడా.

కాల్స్ టెస్ట్ చేసేటప్పుడు జియో సిమ్ పెట్టి మోడెమ్ డ్రైవర్‌ని తిట్టుకోకండి. జియోకి 2జీ, 3జీ లేవు, వాయిస్ అంతా వోల్టీ (4జీ మీద కాల్స్) మీదే. మెయిన్‌లైన్‌లో చాలా ఫోన్లకి వోల్టీ ఇంకా రాలేదు, డేటా మాత్రం వస్తుంది. ఎయిర్‌టెల్ సిమ్ అయితే కాల్ 2జీకి దిగి మోగుతుంది. ముందు దానితో ఆడియో రూటింగ్ సరిచేసుకోండి.

బెజవాడ_బూట్‌లూప్:
బ్యాకప్ తీయలేదండి. వెలుగుతున్న ఫోన్‌కి ఇప్పుడే తీస్తున్నాం. నల్లదానికి ఎస్‌ఎస్‌హెచ్ నుంచే తీయొచ్చా?

లక్ష్మీపురం_మోడెమ్:
తీయొచ్చు. డెవ్ కింద డిస్క్ ఫోల్డర్లో బై పార్ట్‌లేబుల్ చూడండి, అవే పేర్లు ఉంటాయి. కాపీ అయ్యాక ఫైల్ సైజు చూసుకోండి, సున్నా బైట్లు ఉంటే బ్యాకప్ కాదు.