అప్‌డేట్: పాపని నేచర్ క్యాంప్‌కి పంపాం

హైదరాబాద్ మే ఎండల్లో ఐదేళ్ల పాపని నేచర్ డే క్యాంప్‌కి పంపొచ్చా అని అడిగాను కదా, పంపాం. టైమింగ్స్ చూసి చేర్పించమన్నవాళ్లకి చాలా థాంక్స్. ఉదయం ఏడున్నరకి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పిల్లల్ని నీడలోకి తెచ్చేస్తారు. మజ్జిగ వాళ్లే ఇస్తారు.

పాపకి అన్నిటికంటే నచ్చింది కరివేపాకు చెట్టు. ఆకు మీద పిట్టరెట్టలా ఉన్నది నిజానికి సీతాకోకచిలుక గొంగళిపురుగట! పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, కదిలిస్తే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఇప్పుడు మా కుండీలో రెబ్బ తుంచాలంటే ముందు పాపే ఆకులు తిప్పి చూస్తోంది.

ఒక్కటే లోటు, పిల్లలకి తగ్గట్టు టీచర్లు లేరు. చేర్పించేముందు ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలో తప్పకుండా అడగండి. పొడుగు చేతుల కాటన్ బట్టలే వేసి పంపండి.