జీఆర్‌బీఎల్: 100 మి.మీ. అడిగితే 62.5 దగ్గరే ఆగుతోంది, వేగం పెంచితే మోటర్ కీచుమంటోంది

టేకుచెక్క అడిగారు:

నాది సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ ఆదేశాలతో కోసేది): ఆర్డుయినో యూనో, సీఎన్‌సీ షీల్డ్ వీ3, ఏ4988 డ్రైవర్లు మూడు, నెమా 17 మోటర్లు (1.8 డిగ్రీలు, 1.5 ఆంపియర్లు), 8 మి.మీ. టీ8 లీడ్ స్క్రూలు, 12 వోల్టుల సప్లై. మోటర్లని నడిపించే ఫర్మ్‌వేర్ జీఆర్‌బీఎల్ 1.1. ప్రతి డ్రైవర్ కిందా మూడు జంపర్లూ (పిన్నులు కలిపే చిన్న క్లిప్పులు) పెట్టే ఉన్నాయి. 115200 బాడ్‌లో కనెక్ట్ అవుతోంది, $$ కొడితే సెట్టింగులన్నీ వస్తున్నాయి. వాటిలో $110=5000 (ఎక్స్ గరిష్ఠ వేగం, మి.మీ./నిమిషం), $120=500 (ఎక్స్ త్వరణం) తప్ప ఇంకేవీ మార్చలేదు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో కొట్టేవి ఇంగ్లీషు అక్షరాలే.)

జీ21 జీ91 (మి.మీ.లలో, ఉన్న చోటి నుంచి) పెట్టి జీ1 ఎక్స్100 ఎఫ్400 (నిమిషానికి 400 మి.మీ. వేగం) పంపితే స్కేలు మీద 62.5 మి.మీ. మాత్రమే వస్తోంది, అదీ వ్యతిరేక దిశలో. జీ0 ఎక్స్100 (గరిష్ఠ వేగం) పంపితే కాస్త తిరిగి, కీచుమని అక్కడే వణుకుతోంది. స్క్రీన్ మీద మాత్రం 100 చేరినట్టే చూపిస్తోంది. జెడ్ గొడవ వేరు: కదలిక అయిపోగానే రౌటర్ (కోసే పనిముట్టు) బరువుకి కిందికి జారుతోంది. ఏ నంబర్లు మార్చాలి, ఏ వరసలో?

కొలతబద్ద:

దూరం సంగతి తేలికే. ఇప్పుడున్న విలువని అడిగిన దూరంతో గుణించి, వచ్చిన దూరంతో భాగించండి. $100 (ఎక్స్‌లో మి.మీ.కి ఎన్ని స్టెప్పులో) డిఫాల్ట్ 250. 250 × 100 ÷ 62.5 = 400. $100=400 కొట్టండి, స్కేలు మీద సరిపోతుంది.

నెమా23:

జవాబు 400 అన్నది నిజమే, కానీ స్క్రూ ఉన్న మెషిన్‌లో ఆ నంబరు స్కేలుతో తేల్చకూడదు. స్కేలు మీద అర మిల్లీమీటరు తేడాగా చదివితే 400 కాస్తా 403 అవుతుంది, ఆ తప్పు ప్రతి పనిలోనూ కూర్చుంటుంది. లెక్క కట్టండి: 1.8 డిగ్రీల మోటర్‌కి చుట్టుకి 200 స్టెప్పులు. ఏ4988 కింద మూడు జంపర్లూ ఉంటే 1/16 మైక్రోస్టెప్ (ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేయడం), అంటే చుట్టుకి 3200. ఒక చుట్టుకి నట్ 8 మి.మీ. నడుస్తుంది. 3200 ÷ 8 = 400, కచ్చితంగా. స్కేలు పని ఈ లెక్క సరైనదో కాదో చూడడం వరకే.

తేడా వచ్చిందంటే అది ఎప్పుడూ గుర్తుపట్టగలిగే నిష్పత్తిలోనే ఉంటుంది. అడిగిన దాంట్లో సగమే కదిలితే అక్కడ ఏ4988 బదులు డీఆర్‌వీ8825 ఉండి ఉంటుంది. దానికి అవే మూడు జంపర్లతో 1/32 పడుతుంది, $100 విలువ 800 కావాలి. రెట్టింపు కదిలితే ఒక జంపర్ సరిగా కూర్చోలేదు. నాలుగు రెట్లు కదిలితే స్క్రూ దారాల మధ్య దూరం 2 మి.మీ. చూసి 1600 పెట్టినట్టు. ఈ టీ8 స్క్రూలో నాలుగు దారాలు పక్కపక్కనే వెళ్తాయి, కాబట్టి చుట్టుకి నడక 2 కాదు, 8. వై, జెడ్‌లకి $101, $102 కూడా ఇలాగే.

ఇక వేగం. 5000 మి.మీ./నిమిషం అంటే సెకనుకి 83.3 మి.మీ. దాన్ని 400తో గుణిస్తే సెకనుకి 33,333 స్టెప్పులు. యూనో మీద జీఆర్‌బీఎల్ సుమారు 30,000 వరకే ఇవ్వగలదు. అది ఇచ్చినా 8 మి.మీ. స్క్రూకి 625 ఆర్‌పీఎం అవుతుంది, 12 వోల్టులతో నెమా 17కి ఆ వేగంలో బలం మిగలదు. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లోకి కరెంటు ఎక్కే సమయం తగ్గిపోతుంది, అందుకే అసలు మందు ఎక్కువ వోల్టేజి. 24 వోల్టుల సప్లై పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. ఏ4988 పరిమితి 35 వోల్టులు.

స్క్రీన్ మీద 100 అని చూపించడం తప్పేమీ కాదు. కంట్రోలర్ పంపిన పల్సులు లెక్కపెడుతుంది, ఇరుసు తిరిగిందో లేదో చూసే సెన్సర్ దానికి లేదు. ఒక్కసారి స్టెప్పులు తప్పాయంటే అక్కడి నుంచి పనంతా పక్కకి జరుగుతుంది.

వరస ఇదీ: $100=400, $110=1500, $120=100తో మొదలుపెట్టండి. $120ని డిఫాల్ట్ 10 దగ్గర వదిలేసి వేగం పరీక్షించొద్దు. 1500 అంటే సెకనుకి 25 మి.మీ., 10 త్వరణంతో ఆ వేగం అందుకోవడానికే 31 మి.మీ. పడుతుంది. చిన్న కదలికలు అసలా వేగానికే చేరవు, అంతా బాగుందనిపిస్తుంది. 100 పెడితే 3.1 మి.మీ.లో అందుకుంటుంది. $110ని 250 చొప్పున పెంచుతూ అటూ ఇటూ పొడుగ్గా నడపండి. మోటర్ ఎక్కడ మొరాయిస్తుందో చూసి, అందులో 80 శాతం ఉంచండి. ఆ తర్వాత $120ని కూడా ఇలాగే తేల్చండి. రౌటర్ బిగించాకే ఈ పరీక్ష, ఖాళీ గాంట్రీ (రౌటర్‌ని మోసే అడ్డదూలం) మీద వచ్చిన నంబరు పనికిరాదు.

వోల్ట్‌మీటర్:

నంబర్లు పెంచే ముందు కరెంటు చూడండి. ఏ4988 మీద రెండు చిన్న నల్ల రెసిస్టర్ల మీద ఏం రాసి ఉందో భూతద్దంతో చదవండి. వీరెఫ్ (డ్రైవర్ మీది చిన్న స్క్రూ తిప్పి పెట్టే రిఫరెన్స్ వోల్టేజి) = కరెంటు × 8 × ఆ రెసిస్టర్. 1 ఆంపియర్ కావాలంటే ఆర్100 ఉంటే 0.8 వోల్టులు, ఆర్068 అయితే 0.54, ఆర్050 అయితే 0.4. ఆర్050 బోర్డు మీద 0.8 పెడితే 2 ఆంపియర్లు లాగుతుంది. చిప్ వేడెక్కి తనంతట తాను ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కూడా మోటర్ ఆగి ఆగి కదులుతుంది, చూసేవాళ్లు తప్పు $110 మీద వేస్తారు. హీట్‌సింక్, ఫ్యాన్ రెండూ పెట్టండి. కరెంటు ఉండగా మోటర్ వైరు పీకొద్దు, డ్రైవర్ పోతుంది.

దిశకి $3=1. ఎక్స్ విలువ 1, వై 2, జెడ్ 4. ఎక్స్, జెడ్ రెండూ తిప్పాలంటే $3=5. పక్కనే ఉన్న $2ని మాత్రం ముట్టుకోవద్దు, అది స్టెప్ పల్సుని తలకిందులు చేసేది.

జెడ్ జారడానికి కారణం $1=25. కదలిక అయిన 25 మిల్లీసెకన్లకి మోటర్లకి కరెంటు ఆపేస్తుంది. $1=255 పెట్టి ఒకసారి కదపండి, ఇక పట్టుకునే ఉంటాయి. ఈ షీల్డ్‌లో ఎనేబుల్ పిన్ (మోటర్లకి కరెంటు ఇచ్చేది, ఆపేది) మూడు ఇరుసులకీ ఒకటే కాబట్టి మూడూ వేడెక్కుతాయి, చెయ్యి పెట్టలేనంత వేడి మామూలే. అయితే సప్లై ఆపితే జెడ్ మళ్లీ జారుతుంది, 8 మి.మీ. నడక ఉన్న స్క్రూ బరువుకి తనే తిరిగిపోతుంది. జెడ్‌కి 2 మి.మీ. నడక స్క్రూ వేయండి. అప్పుడు $102=1600, $112 వేగం 600 చాలు.

టేకుచెక్క:

400, 1500, 100 పెట్టాను, దూరం సరిపోయింది, దిశ కూడా. సెట్టింగులన్నీ ఒక పైథాన్ స్క్రిప్ట్‌తో ఒకేసారి పంపితే కొన్ని పడటం లేదు. లిమిట్ స్విచ్‌ల (ఇరుసు చివరికొస్తే తగిలేవి) కోసం $22=1 పెట్టాక ఏ కమాండ్ ఇచ్చినా ఎర్రర్:9 వస్తోంది.

నెమా23:

$ సెట్టింగులు ఈప్రామ్‌లోకి (సప్లై ఆపినా చెరగని మెమరీ) రాస్తున్నంతసేపూ చిప్ ఇంటరప్టులు (వచ్చే అక్షరాలని అందుకునే పిలుపులు) ఆపుకుంటుంది, ఆ సమయంలో వచ్చిన అక్షరాలు పోతాయి. ఒక లైను పంపి, 'ఓకే' వచ్చాకే తర్వాతది పంపాలి. మెషిన్ కదులుతుండగా పంపితే ఎర్రర్:8 వస్తుంది. చివర్లో $$ చదివి సరిపోల్చండి.

ఎర్రర్:9 అంటే అలారం తాళం. $22=1 ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ $హెచ్‌తో హోమ్ చేయాలి (స్విచ్‌లు తగిలేదాకా నడిపి మొదటి స్థానం పట్టించాలి). స్విచ్‌లు ఇంకా బిగించకపోతే ప్రస్తుతానికి $ఎక్స్ కొట్టి తాళం తీయండి, లేదా $22=0 చేయండి.

బిగించేటప్పుడు షీల్డ్ మీద జెడ్ లిమిట్ అని రాసిన చోట వైరు పెట్టొద్దు. ఆ షీల్డ్ పాత పిన్ వరస ప్రకారం ముద్రించింది. 1.1లో డిఫాల్ట్‌గా 11వ పిన్ స్పిండిల్ వేగానికి పోయింది, జెడ్ లిమిట్ 12వ పిన్. కాబట్టి జెడ్ స్విచ్ వైరు స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన పిన్నుకి వెళ్లాలి. స్విచ్‌లు మామూలుగా మూసి ఉండే రకానివి వేసి $5=1 పెట్టండి, $21=1 కూడా ఉంటే వైరు తెగిన వెంటనే అలారం వస్తుంది. రౌటర్ తిరుగుతుండగా ఏ స్విచ్చూ తగలకుండా అలారం:1 వస్తే అది వైర్లు పట్టిన నాయిస్. షీల్డెడ్ వైరు వాడి, ప్రతి లిమిట్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.